స్ట్రెచర్ ఎక్కిన వాటాదారు

నేను కంపెనీ సెక్రటరీగా పనిచేసి రిటైరయ్యానంటే, మా చర్చిలో సగం మంది ఇప్పటికీ, పాపం ఎవరో పెద్దాయనకి ఉత్తరాలు టైపు చేసి పెట్టేదేమో అనుకుంటారు. సరిదిద్దడం మానేశాను. ఎందుకంటే అసలు సంగతి మొదలుపెడితే ఆగలేను. చేతులు ఊపేస్తాను, మధ్యలో నాకు నేనే నవ్వేస్తాను, ఎదుటివాళ్ల కాఫీ చల్లారిపోతుంది.

ఈ మధ్య కంపెనీ సెక్రటరీ కోర్సు పాసైన పిల్లలు కొందరు మా ఇంటికి వచ్చారు. చట్టాలు చదివి చదివి ముఖాలు పీక్కుపోయి ఉన్నాయి. "మేడమ్, ఈ ఉద్యోగంలో సంతోషం అనేది ఏమైనా ఉంటుందా?" అని ఒకమ్మాయి భయంభయంగా అడిగింది. ఉంటుందమ్మా! మామూలు సంతోషం కాదు, చీర కుచ్చెళ్లు పట్టుకుని పరుగెత్తేంత సంతోషం. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఏ ఏడాది ఏ హోదాలో ఉన్నాను, ఏ ఫారం ఎప్పుడు దాఖలు చేశాను అన్నవి ఇందులో ఉండవు. ఒకే ఒక్క చిన్న కంపెనీ కథ ఉంటుంది. దాని పేరు చెప్పను. చక్రాల కంపెనీ అంటాను, చాలు.

చప్పుడు లేని చక్రం

మా ఆఫీసు పంజాగుట్టలో, మూడో అంతస్తులో. మెట్రో వెళ్లినప్పుడల్లా కిటికీ అద్దాలు సన్నగా వణికేవి. చిన్న కంపెనీలు చట్టప్రకారం నడిచేలా చూడటం, వాటాదారులతో వ్యవహారాలు నడపడం మా పని.

ఒక మధ్యాహ్నం ఒకాయన వచ్చి, నమస్తే అయినా చెప్పకుండా, సంచిలోంచి ఒక చక్రం తీసి నా బల్ల మీద పెట్టి వేలితో తోశాడు. అది అటు చివరి దాకా దొర్లింది. కింద పడబోతుంటే పట్టుకున్నాను.

"ఏమన్న ఇనవడ్డదా మేడమ్?"

"లేదే!"

"గదే మేడమ్ మా కంపెనీ," అని, అప్పుడు కూర్చున్నాడు.

ఆయన పేరు యాదగిరి. లేత్ మిషన్ మీద పనిచేస్తూ చేస్తూ, బాలానగర్‌లో సొంతంగా షెడ్డు పెట్టుకున్నాడు. ఆసుపత్రి మంచాలకీ స్ట్రెచర్లకీ చక్రాలు చేస్తాడు. భార్య పద్మ కూడా డైరెక్టరే. కొనుగోళ్లు, లెక్కలు ఆమె చూస్తుంది. చిన్న కంపెనీల కోసం స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో వేరే విభాగం ఒకటి ఉంటుంది. వాళ్ల షేరు అక్కడ అప్పటికే నమోదై ఉంది. నమోదైన రోజు ఊరంతా స్వీట్లు పంచారట. ఆ తర్వాత ఆ షేరును పట్టించుకున్న నాథుడు లేడు. కొనేవాడు లేడు, అమ్మేవాడు లేడు.

ఇప్పుడు ఒక పెద్ద ఆసుపత్రుల సంస్థ, తన మంచాలన్నిటికీ వీళ్ల చక్రాలే తీసుకుంటానంటోంది. కాకపోతే ఒక షరతు. ఆసుపత్రి నేల మీద వెంట్రుకలు, దారాలు, కట్టు గుడ్డల పోగులు పడి ఉంటాయి. అవి చక్రం ఇరుసుకు చుట్టుకుంటే చక్రం బిగుసుకుపోతుంది. చుట్టుకోకుండా ఇరుసు మొత్తం మూసి ఉండే చక్రం కావాలి. అది చేయాలంటే కొత్త మిషన్ కావాలి. బ్యాంకుకు వెళితే, బల్కంపేటలో వాళ్లున్న ఇల్లు తాకట్టు పెట్టమన్నారు.

"ఇల్లు పెడత అన్న," అన్నాడు యాదగిరి. "పద్మ మాట్లాడుతలేదు నాతోని."

మర్నాడు పద్మ కూడా వచ్చింది. నన్ను చూడగానే "అక్కా" అని పిలిచి, కుర్చీ నా పక్కకు లాక్కుంది.

"అక్కా, కంపెనీ అంటే పది మంది పైసలు పెట్టి నడిపేదే గద? మరి పది మందిని అడగకుండ మా ఇంటి మీదికి ఎందుకు తెస్తుండు ఈయన?"

కంపెనీ అంటే ఏమిటో నేను అన్నేళ్లలో విన్న నిర్వచనాల్లో అదే బాగుంది. నేను పగలబడి నవ్వాను. యాదగిరి బిక్కమొహం వేశాడు.

అడుగుదాం అన్నాను. కొత్త షేర్లు జారీ చేద్దాం. ముందుగా ఇప్పుడున్న వాటాదారులకే, ఎవరి దగ్గర ఎన్ని షేర్లున్నాయో ఆ ప్రకారం, కొనుక్కునే హక్కు ఇద్దాం. వద్దనుకున్నవాళ్లు ఆ హక్కును వేరేవాళ్లకు ఇచ్చుకోవచ్చు. అలా కొత్తవాళ్లూ వస్తారు. పాతవాళ్లను పక్కనపెట్టి ఎవరో ఒక పెద్ద చేపను వెతుక్కునే చిన్న కంపెనీలను చాలా చూశాను. చివరికి ఆ చేపే కంపెనీని మింగుతుంది.

రేటు లేపే పెద్దమనిషి

ఈ సంగతి బయటికి పొక్కగానే ఒకాయన ఊడిపడ్డాడు. మా ఆఫీసు మెట్లెక్కేటప్పుడే సెంటు వాసన ముందుగా వచ్చింది. రెండు చేతులకూ ఉంగరాలు. మా ముగ్గురి ముందూ కూర్చుని, యాదగిరి భుజం మీద చెయ్యి వేశాడు.

"అన్నా, నీ షేరు పడుకున్నది. మేం లేపుతం. మా మనుషులే మాలో మాలో కొంటరు, అమ్ముతరు. ఫోన్లలో మెసేజులు తిప్పుతం. నెల తిరిగేసరికి రేటు మూడింతలు. గప్పుడు నువ్వు కొత్త షేర్లు అమ్ముకో. లైన్ల నిలవడతరు జనం."

యాదగిరి కళ్లు మెరిశాయి. "మస్తు చెప్తుండు మేడమ్!" అన్నాడు నాతో.

అది నేరం, జైలు సంగతి, అని నేను నోరు తెరవబోయాను. పద్మ ఆపింది. ఆయన్ను ఎంతో మర్యాదగా అడిగింది.

"అన్నా, లేపేది మీరు. మరి లేపినంక దించేది ఎవరు?"

"దించుడేందమ్మా?"

"మీ పైసలు మీరు తీసుకోవాలె గద? తీసుకుంటే దిగుతది గద? గప్పుడు పైన కొన్నోళ్లు ఎవరింటికొస్తరు? మీ ఇంటికా, మా ఇంటికా?"

పెద్దమనిషికి ఉన్నట్టుండి ఏదో పని గుర్తొచ్చింది. ఆయన వెళ్లాక కూడా ఆ సెంటు వాసన సాయంత్రం దాకా పోలేదు. యాదగిరి కిటికీలన్నీ తెరుస్తూ, "నేను జర ఆశపడ్డ," అన్నాడు. పద్మ ఆ రోజు ఆయనతో మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టింది.

పిల్లలూ, ఈ పెద్దమనిషి మీ దగ్గరికీ వస్తాడు. మీరు పనిచేసే ప్రతి చిన్న కంపెనీకీ వస్తాడు. షేరు ధర కంపెనీ వెనకాల నడుస్తుందే గానీ, ధరను ముందుకు ఈడ్చుకెళితే కంపెనీ వెనకాల రాదు. చట్టం పుస్తకంలో ఉన్న సెక్షన్లు చెప్పండి, తప్పులేదు. కానీ దానికంటే ముందు పద్మ అడిగిన ప్రశ్న అడగండి. తొందరగా పని అవుతుంది.

అమీర్‌పేట హాల్లో

వాటాదారులనూ, డబ్బు పెట్టే ఆలోచన ఉన్నవాళ్లనూ పిలిచి కంపెనీ గురించి చెప్పే సమావేశం పెట్టాం. యాదగిరి మొదట ఒక పెద్ద హోటలన్నాడు. నేను అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల సందులో ఒక ఫంక్షన్ హాలు మాట్లాడాను. ముందురోజే అక్కడ పెళ్లి జరిగింది. నేల మీద ఇంకా మల్లెపూలు, రంగు కాగితాల ముక్కలు.

యాదగిరి నాకు తెలియకుండా ఒక కన్సల్టెంటును కూడా పెట్టుకున్నాడు. ఆ అబ్బాయి తెర మీద చూపించడానికి ఇంగ్లీషులో బొమ్మలు, గీతలు తయారుచేసి, యాదగిరి చేత ప్రసంగం బట్టీ పట్టించాడు. పిలిచిన రోజు హాలు దాదాపు నిండింది. ముందు వరుసలో చలపతి గారు కూర్చున్నారు. బ్యాంకు మేనేజరుగా రిటైరయిన మనిషి. గుంటూరు నుంచి వచ్చి ఎన్నో ఏళ్లుగా ఎర్రమంజిల్‌లో ఉంటున్నారు. ఊళ్లో ఏ కంపెనీ సమావేశం జరిగినా ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో హాజరై, లేచి ప్రశ్నలడగడం ఆయనకు సరదా. చక్రాల కంపెనీలో ఆయనకు కొద్ది షేర్లున్నాయి. రెండో వరుసలో స్వాతి అనే అమ్మాయి. చిన్న కంపెనీల్లో డబ్బు పెట్టే ఒక ఫండ్ తరఫున వచ్చింది. ఆమె మాత్రం తల ఎత్తకుండా ఫోన్ చూసుకుంటోంది.

యాదగిరి లేచాడు. కొత్త కోటు. చెమటలు. ఇంగ్లీషు ప్రసంగం మొదలైంది. నిజం చెబుతున్నాను, నేను కంపెనీ సెక్రటరీని, ఆ కాగితాలన్నీ చదివినదాన్ని, నాకే ఒక్క ముక్క అర్థం కాలేదు. అవకాశాలంటాడు, వ్యూహాలంటాడు, విలువలంటాడు. చక్రం అన్న మాటే లేదు!

అంతలో కరెంటు పోయింది. తెర నల్లబడింది. మైకు ఆగిపోయింది. జనరేటర్ ఉందని చెప్పిన హాలు మేనేజరు, దాంట్లో డీజిల్ ఉందని మాత్రం చెప్పలేదు.

ఆ నిశ్శబ్దంలో చలపతి గారు లేచారు.

"ఏంటండీ ఇది? అరగంట నుంచి వింటున్నాను. ఇంతకీ మీరేం తయారుచేస్తారండీ?"

యాదగిరి నా వైపు చూశాడు. నేను, చర్చి క్వయర్‌లో పాడి పాడి సంపాదించుకున్న గొంతుతో, మైకు అక్కర్లేకుండా అన్నాను: "యాదగిరి గారూ, మీ భాషలో చెప్పండి."

ఆయన కోటు విప్పి కుర్చీ మీద వేశాడు.

"చక్రాలు చేస్తం సార్. ఆసుపత్రి చక్రాలు. ఆగుండ్రి, చూపిస్త."

నమూనాగా చూపించడానికి తెచ్చిన స్ట్రెచర్ ఒకటి మూలన ఉంది. దాన్ని ముందుకు తోసుకొచ్చి, చలపతి గారి ముందు ఆపాడు.

"జర పండుకోండ్రి సార్."

"నేనా?"

"మీరే అడిగిన్రు గద సార్."

హాలంతా ఒక్కసారి గొల్లుమంది. చలపతి గారు ఒక్క క్షణం ఆలోచించారు. తర్వాత, నేను జీవితంలో మరిచిపోను, చెప్పులు విప్పి పక్కపక్కన సర్దిపెట్టి, స్ట్రెచర్ ఎక్కి వెల్లకిలా పడుకున్నారు. యాదగిరి ఒక గ్లాసు నిండా టీ తీసుకుని ఆయన పొట్ట మీద పెట్టాడు.

"పట్టుకోకుండ్రి సార్. ఊకె పండుకోండ్రి."

తోయడం మొదలుపెట్టాడు. స్ట్రెచర్ కుర్చీల మధ్యగా వెళ్లింది. చప్పుడు లేదు. మలుపు తిరిగింది. చప్పుడు లేదు! టీ గ్లాసు కదలడం లేదు. చలపతి గారు కొండ మీద దేవుడిలా చేతులు రెండు పక్కలా పెట్టుకుని, కళ్లు మాత్రం గ్లాసు మీద పెట్టి ఊరేగుతున్నారు. జనం లేచి నిలబడ్డారు. వెనకాల నడుస్తున్నారు. సందులో క్లాసు అయిపోయి బయటికొస్తున్న కోచింగ్ పిల్లలు గుమ్మంలో గుంపుగా చేరి ఈలలు వేస్తున్నారు. స్వాతి ఫోన్ కింద పెట్టింది. నేను కూడా, యాభై దాటినదాన్ని, చీర కుచ్చెళ్లు పట్టుకుని స్ట్రెచర్ పక్కనే పరుగెడుతున్నాను. ఎందుకు పరుగెడుతున్నానో నాకు తెలియదు!

"గుమ్మం దాటించు యాదగిరీ!" అని ఎవరో అరిచారు. దాటించాడు. గ్లాసులో టీ అంచు దాకా వచ్చి వెనక్కి పోయింది. చప్పట్లు. మళ్లీ లోపలికి తెచ్చాడు. ఇంకాస్త వేగంగా వేదిక వైపు వస్తున్నాడు.

అప్పుడు స్ట్రెచర్ గక్కున ఆగింది. టీ మొత్తం చలపతి గారి తెల్ల చొక్కా మీద పడింది.

దారం

చప్పట్లు ఆగిపోయాయి. కన్సల్టెంటు అబ్బాయి ముఖం పాలిపోయింది. నా చెవి దగ్గరకొచ్చి, "మేడమ్, నేల బాగోలేదని చెప్పండి, హాలు మీదికి తోసేయండి," అన్నాడు.

చెప్పొచ్చు. ఎవరూ కాదనరు. కానీ యాదగిరి అప్పటికే కిందికి వంగాడు. చలపతి గారిని చెయ్యి పట్టి దింపాడు, తన జేబురుమాలుతో ఆయన చొక్కా తుడిచాడు, స్ట్రెచర్‌ను అమాంతం పక్కకు పడుకోబెట్టాడు. ముందు చక్రం ఇరుసుకు పెళ్లి పూలదండ దారం బిగుసుకుని ఉంది. చాకుతో కోసి, దాన్ని లాగి, అందరికీ కనపడేలా పైకెత్తి పట్టుకున్నాడు.

"ఇదే సార్ మా రోగం," అన్నాడు. "చక్రం మంచిది. చప్పుడు చేయదు. కానీ దారం చుట్టుకుంటే ఆగిపోతది. ఆపరేషన్‌కు తీస్కపోతుంటే నడుమ ఆగితే ఎట్లుంటది? అందుకే పెద్ద ఆసుపత్రులు మా దగ్గర కొంటలేవు. ఇరుసు మూసేసే మిషిన్ ఉన్నది. అది కొననీకే మీ పైసలు అడుగుతున్న. ఇంకేం లేదు."

ఈ సంగతి కొత్త షేర్ల కోసం వాటాదారులకు పంపిన ఆఫర్ పత్రంలో ఉంది. ప్రమాదాలు అన్న భాగంలో, నేనే పట్టుబట్టి పెట్టించాను. కాకపోతే అక్కడ అది చట్టం భాషలో ఉంది. చదివినవాళ్లెవరికీ తలకెక్కలేదు. ఇప్పుడు ఒక దారం ముక్క హాలంతటికీ చెప్పేసింది.

స్వాతి లేచింది. "మిషన్ వచ్చాక కూడా ఆ ఆసుపత్రులు ఆర్డర్ ఇవ్వకపోతే?"

యాదగిరి తడబడ్డాడు. పక్కనుంచి పద్మ లేచింది. అప్పటిదాకా ఆమె వేదిక మీద ఒక్క మాట మాట్లాడలేదు.

"ఇయ్యకపోతే వేరే ఆసుపత్రుల చుట్టు తిరిగి అమ్ముకోవాలె మేడమ్. టైం పడ్తది. రెండేండ్లు మీకు మేం ఏం ఇయ్యకపోవచ్చు. రెండేండ్లు ఆగలేనోళ్లు దయచేసి పెట్టకుండ్రి. పిల్ల పెండ్లికి దాసుకున్న పైసలు అసలే పెట్టకుండ్రి. మా ఇల్లే మేం పెట్టలేదు, మీ ఇల్లు ఎందుకు పెట్టమంటం?"

తర్వాత చలపతి గారు, చొక్కా నిండా టీ మరకలతో, చప్పట్లు మొదలుపెట్టారు.

"నలభై ఏళ్లుగా సమావేశాలకు వెళుతున్నానండీ," అన్నారు నాతో, బయటికి వెళుతూ. "డబ్బు పెట్టకండి అని చెప్పిన డైరెక్టరును ఇప్పుడే చూశాను. నా వంతు నేను పూర్తిగా తీసుకుంటున్నాను. చొక్కా మాత్రం మీ కంపెనీయే ఉతికించాలి."

షేర్లకు దరఖాస్తులు మేం అడిగినదానికంటే ఎక్కువ వచ్చాయి. లెక్క తేలిన సాయంత్రం పద్మ ఫోన్లో ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు, ఆమెకూ తెలిసినట్టు లేదు. యాదగిరి ఆమెను వెంటబెట్టుకుని పంజాగుట్ట దాకా పరుగెత్తుకొచ్చాడు. మేం ముగ్గురం ఆఫీసు కింద బండి దగ్గర నిలబడి మిర్చి బజ్జీలు తిన్నాం. కారానికి కళ్లలో నీళ్లు తిరుగుతుంటే నవ్వుతూనే ఉన్నాం. పక్కన బస్సు కోసం నిలబడ్డవాళ్లు మాకేదో అయిందనుకున్నారు.

చిన్న కంపెనీకి మదుపరులు ఎలా వస్తారని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. నువ్వు చేసే వస్తువు వాళ్ల చేతికి అందాలి. వాళ్ల డబ్బు దేనికి ఖర్చవుతుందో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. అది చెడిపోయే దారి ఏదో నీ నోటితో నువ్వే ముందు చెప్పాలి. మిగతాదంతా కోటు.

లాభం వచ్చాక

మిషన్ వచ్చింది. ఆర్డర్ వచ్చింది. లాభం కూడా వచ్చింది. డబ్బు సంపాదించడం కంటే దాన్ని ఎలా పంచాలన్నదే పెద్ద గొడవ అని అప్పుడు తెలిసింది.

యాదగిరి ఆనందానికి అవధుల్లేవు. లాభమంతా డివిడెండ్‌గా పంచేద్దామన్నాడు. సమావేశానికి వచ్చిన ప్రతి వాటాదారుకూ స్టీలు టిఫిన్ క్యారియర్ ఇద్దామన్నాడు. సమావేశంలో బహుమతులు పంచకూడదన్నది మా వృత్తి నియమం అని చెప్పాను. "మరి గిన్నె?" అన్నాడు. గిన్నె కూడా కుదరదన్నాను. "చెంచా?" పద్మ ఆయన్ను చూసిన చూపుకు ఆ చర్చ అక్కడితో ముగిసింది.

సరే, అయితే బోనస్ షేర్లిద్దాం, ఒక్కో షేరుకు ఇంకోటి ఉచితంగా, అన్నాడు. నేను టిఫిన్ తింటూ ఉన్నాను, నా ప్లేటులో దోశను చూపించాను. "దీన్ని నాలుగు ముక్కలు చేసినా ఎనిమిది చేసినా దోశ ఒక్కటే యాదగిరి గారూ. బోనస్ తప్పు కాదు. షేర్లు ఎక్కువైతే కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ సులువు. కానీ అది బహుమతి అని మాత్రం జనానికి చెప్పకండి. తెలిసినవాళ్లు నవ్వుతారు, తెలియనివాళ్లు మోసపోతారు."

చివరికి ముగ్గురం కూర్చుని తేల్చుకున్నాం. లాభంలో మూడో వంతు డివిడెండ్‌గా. మిగతాది కంపెనీలోనే, రెండో మిషన్ కోసం. ఈ మాట ఒక విధానంగా రాసి అందరికీ తెలిసేలా పెట్టాం. ఒక ఏడాది వర్షంలా కురిపించి మరుసటి ఏడాది ఎండగట్టే కంపెనీ కంటే, ఇంత వస్తే ఇంత ఇస్తామని ముందే చెప్పే కంపెనీని జనం వదలరు. అప్పు తెచ్చి డివిడెండ్ పంచిన బాసులను కూడా చూశాను. వేదిక మీద పూలదండలు వేయించుకున్నారు. ఆ కంపెనీలు ఇప్పుడు లేవు.

ఇంకో మాట పద్మ అంది. "అక్కా, చక్రాలు బిగించేటోళ్లకు సుత షేర్లు ఇయ్యొచ్చా?" ఇవ్వొచ్చు. పనిచేసేవాళ్లు తక్కువ ధరకు షేర్లు కొనుక్కునే పథకం చట్టంలో ఉంది. వాటాదారుల అనుమతితో పెట్టాం. షెడ్డులో చాలామంది ఆడవాళ్లే. వాళ్లలో లక్ష్మి అని ఒకామె, అందరికంటే నోరు పెద్దది, అందరికంటే ముందు సంతకం పెట్టింది. ఎందుకు పెడుతోందో అడిగితే, "పద్మక్క చెప్పింది గద," అంది.

డివిడెండ్ పడిన రోజు నేను షెడ్డులోనే ఉన్నాను. లక్ష్మి ఫోన్ పట్టుకుని మిషన్ల మధ్యనుంచి ఉరికొచ్చింది.

"పద్మక్కా! బ్యాంకోళ్లు తప్పు జేసిన్రు! నాకెవరియో పైసలు పంపిన్రు!"

"అవి నీవే లక్ష్మీ. లాభంల నీ వాటా."

"జీతం మొన్ననే పడ్డది గద?"

"జీతం పని చేసినందుకు. ఇవి నువ్వు సుత ఓనర్ అయినందుకు."

లక్ష్మి పద్మను చూసింది, ఫోన్ చూసింది, తిరిగి షెడ్డు వైపు చూసి ఒక కేక పెట్టింది. "ఏయ్! మనం సుత ఓనర్లమంటనే!" అంతే, మిషన్లు ఆగాయి, ఎవరో డబ్బా మీద దరువు మొదలుపెట్టారు, బల్కంపేట బోనాలప్పుడు ఆడినట్టు ఆడారు. నన్నూ లాగారు. నాకు స్తోత్ర గీతాలే తప్ప తీన్‌మార్ రాదు. వచ్చినట్టే ఆడాను.

చెడ్డ ఏడాది

ఆ మరుసటి ఏడాది రబ్బరు ధర బాగా పెరిగింది. ఆసుపత్రులతో ధర ముందే మాట్లాడుకున్నాం కాబట్టి పెంచడానికి లేదు. లాభం తగ్గుతుందని సగం ఏడాదికే తెలిసిపోయింది.

"జర ఆగుదాం మేడమ్," అన్నాడు యాదగిరి. "ఇప్పుడే చెప్తే షేరు పడ్తది. మెల్లగ సెట్ అయితది."

నేను ఒప్పుకోలేదు. చెడ్డ వార్త దాచిపెడితే కుళ్లుతుంది. అదీగాక, ఈ సంగతి ఈలోపు ఒక్కరి చెవిన పడినా వాళ్లు ముందు అమ్ముకుంటారు, మిగతావాళ్లు మునుగుతారు. చెబితే అందరికీ ఒకేసారి చెప్పాలి. ఆ సాయంత్రమే ఎక్స్ఛేంజ్‌కి రాసి పంపాం. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మేమేం చేస్తున్నాం, అన్నీ మామూలు మాటల్లో.

షేరు పడింది. యాదగిరి రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు చలపతి గారు ఫోన్ చేశారు. తిడతారేమో అనుకున్నాను.

"ఏంటండీ, మీరే ముందు చెప్పేశారు! నేను ఇంకో నాలుగు కంపెనీల్లో ఉన్నాను, వాళ్లకీ రబ్బరే ముడిసరుకు, వాళ్లు కిక్కురుమనడం లేదు. వాటిలో రెండు అమ్మేసి మీ షేరు కొన్నాను. యాదగిరికి చెప్పండి."

చెప్పాను. యాదగిరి ఆ మాటను నా చేత రెండుసార్లు చెప్పించుకున్నాడు.

ఆ ఏడాది వార్షిక సమావేశం బాలానగర్ షెడ్డులోనే పెట్టాం. మిషన్లు కాసేపు ఆపి, కుర్చీలు వేసి, ఒక వైపు బల్ల. నేను రిటైరవడానికి ముందు ఆఖరి సమావేశం అదే. స్వాతి వచ్చింది, చలపతి గారు వచ్చారు. యాదగిరి అధ్యక్ష స్థానంలో కూర్చున్నాడు. డివిడెండ్ అంశం చదివాను. మూడో వంతు అన్న మాట అలాగే ఉంది గానీ, లాభమే తగ్గింది కాబట్టి చేతికొచ్చేది తగ్గింది. ఎవరైనా ఏమైనా అడగాలనుకుంటే అడగొచ్చన్నాను.

ఎప్పటిలా చలపతి గారు లేవబోయారు. కానీ ఆయన వెనకాలనుంచి ఇంకో చెయ్యి లేచింది. లక్ష్మి. పట్టుచీర కట్టుకుంది, తలలో పూలు పెట్టుకుంది. ఆ రోజు షిఫ్టుకు సెలవు పెట్టి మరీ వచ్చిందట. ముందురోజే యాదగిరి ఆమెను ఆలస్యంగా వచ్చావని కేకలేశాడని పద్మ తర్వాత చెప్పింది.

"ఛైర్మన్ సార్," అంది లక్ష్మి. "పోయినేడు కన్న ఈ ఏడు తక్కువ ఇస్తున్నరు. ఎందుకు తగ్గింది? మళ్ల పెరగాలంటే ఏం జేస్తున్నరు? ఊకె పెరుగుతది అంటె కాదు. ఏం జేస్తున్నరో చెప్పుండ్రి."

యాదగిరి నా వైపు చూశాడు. నేను కళ్లతో లక్ష్మిని చూపించాను. పద్మ కూడా అటే చూసింది. ఆయన కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడ్డాడు. చొక్కా గుండీ సరిచేసుకున్నాడు.

"లక్ష్మి గారూ," అన్నాడు.

షెడ్డులో తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. ఆయన ఆమెను గారు అనడం అదే మొదటిసారి.

ఆ తర్వాత రబ్బరు ధర దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాడు. ఏ ఆసుపత్రితో ధర మళ్లీ మాట్లాడుకున్నారో, ఏది ఇంకా ఒప్పుకోలేదో, వృథా అయ్యే రబ్బరును ఎలా తగ్గిస్తున్నారో, రెండో మిషన్‌ను ఎందుకు వాయిదా వేశారో. దాచలేదు, పొడిగించలేదు. చలపతి గారు కుర్చీలో పక్కకు తిరిగి, ఆయన్నీ ఆమెనూ మార్చి మార్చి చూస్తున్నారు.

లక్ష్మి కూర్చోకుండా చివరిదాకా నిలబడే వింది. అంతా అయ్యాక ఒక్క క్షణం ఆలోచించింది.

"సరే సార్," అంది. "ఈ ఏడుకు ఒప్పుకుంటున్న."

పట్టుచీర సర్దుకుని కూర్చుంది. షెడ్డంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది యాదగిరే.